మూడేళ్లు నిండని పిల్లాడితో రామోజీ, వండర్‌లా, జూ, స్నో వరల్డ్... మూడు రోజుల్లో అయ్యే పనేనా?

రాజమండ్రి_రమ్య
క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్దాం అనుకుంటున్నాం. పాపకి ఆరేళ్లు, బాబుకి ఫిబ్రవరికి మూడు నిండుతాయి. అత్తయ్యగారు కూడా వస్తున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం.
మావారు వేసిన ప్లాన్ ఇదీ: శనివారం తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగడం, కూకట్‌పల్లిలో బాబాయిగారింట్లో స్నానాలు, తొమ్మిదికల్లా రామోజీ ఫిల్మ్ సిటీ. ఆదివారం రైడ్లు, నీళ్ల ఆటలు ఉండే వండర్‌లా పార్కు. సోమవారం పొద్దున జూ, మధ్యాహ్నం స్నో వరల్డ్, సాయంత్రం ట్యాంక్‌బండ్, రాత్రి రైలు. చదువుతుంటేనే నాకు ఆయాసం వస్తోంది. ఆయనేమో "అంత దూరం వెళ్లి చూడకుండా వస్తామా" అంటున్నారు. చిన్నపిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

పప్పుచారు
మీవారు మిలటరీలో చేస్తారా అండీ?

హయత్‌నగర్_వాస్తవ్యుడు
ముందు బాబాయిగారి ఇల్లు సంగతి తేల్చండి. కూకట్‌పల్లి ఊరికి ఒక చివర, రామోజీ ఇంకో చివర. విజయవాడ హైవే మీద మా హయత్‌నగర్ కూడా దాటి వెళ్లాలి. సికింద్రాబాద్‌లో దిగి, కూకట్‌పల్లి వెళ్లి, స్నానాలు, టిఫిన్లు చేసి మళ్లీ ఊరంతా దాటి తొమ్మిదికి గేటు దగ్గర ఉండాలా? అయ్యే పని కాదు. టిఫిన్ పెట్టకుండా మీ బాబాయిగారు పంపరు కూడా.
ఎల్బీనగర్‌లో హోటల్ తీసుకోండి. అక్కణ్నుంచి రామోజీ దగ్గర, వండర్‌లా కూడా మరీ దూరం కాదు. వండర్‌లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే.

చిన్ని_వాళ్ళమ్మ
పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మేము నిజాంపేటలో ఉంటాం. ఇక్కణ్నుంచి రామోజీ వెళ్లేసరికి మా చిన్ని కార్లోనే ఒక నిద్ర, ఒక వాంతి పూర్తి చేసింది.

రాజమండ్రి_రమ్య
హోటల్లో దిగితే బాబాయిగారు ఊరుకోరండీ. పిన్నిగారు అసలే ఊరుకోరు. రాబోయే పెళ్లిళ్లన్నిటిలో ఇదే మాట వినాలి నేను.

పప్పుచారు
చివరి రోజు భోజనానికి వెళ్లి చీర పెట్టించుకుని రండి. గొడవ అక్కడితో సరి.

ఇద్దరు_కవలల_నాన్న
ఎక్కడ దిగాలి అన్నది తర్వాత. ముందు టేపు తీసుకుని పిల్లల ఎత్తు కొలవండి. వండర్‌లాలో టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు అయితే ఉచితం, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. "మావాడికి ఇంకా మూడు నిండలేదండీ" అంటే కుదరదు. మీవాడు 90 దాటే ఉంటాడు కాబట్టి వాడికీ టికెట్ లెక్క వేసుకోండి. రామోజీవాళ్ల పద్ధతేంటో బుక్ చేసేటప్పుడు సైట్లో చూసుకోండి.
ఇక రైడ్ల సంగతి. పెద్ద రోలర్ కోస్టర్ల లాంటివాటికి పిల్లల్ని ఎక్కించరు. వెనక్కి కూడా తిరిగే రీకాయిల్ అని ఒకటుంది, పాప దాన్ని కింద నుంచి చూడాల్సిందే. బోర్డు దగ్గర నిలబెట్టి కొలుస్తారు, మడమలు లేపినా పట్టేస్తారు. మావాళ్లిద్దరిలో ఒకడికి అవకాశం వచ్చింది, రెండోవాడికి ఒక్క వేలెడు తక్కువైంది. కవలలకి ఇలాంటిది జరిగితే ఇంటికొచ్చాక కూడా ఆ పంచాయితీ తెగదు. అందుకే బయల్దేరే ముందే పాపకి "నువ్వు ఎక్కగలిగేవి ఇవీ" అని చెప్పి ఉంచండి.

అట్లాంటా_అరుణ
ఇక్కడ ఓర్లాండో డిస్నీలో టికెట్‌కి వయసే చూస్తారు. మూడేళ్ల లోపు ఉచితం, పదో ఏడు వస్తే పెద్దల టికెట్. రైడ్లకి మాత్రం అక్కడా ఎత్తే. ఒక సౌకర్యం ఉంది: పెద్ద రైడ్‌కి అమ్మ వెళ్తే నాన్న పసివాడితో బయట ఉంటాడు, ఆమె వచ్చాక అతను మళ్లీ మొత్తం లైన్లో నిలబడకుండా ఎక్కొచ్చు. ఇండియాలో అలా ఉందా?

ఇద్దరు_కవలల_నాన్న
మన దగ్గర వంతులేనండీ. ఒకరు ఎక్కుతారు, ఒకరు బ్యాగులు కాస్తారు. మా ఇంట్లో బ్యాగులు కాసే హోదా శాశ్వతంగా నాది.

గుంటూరు_కారప్పొడి
రమ్యగారూ, నా మాట విని వండర్‌లా తీసెయ్యండి. మూడేళ్లవాడికి అక్కడ ఏముంది? డిసెంబర్లో హైదరాబాద్ చలి మీ గోదావరి చలిలా ఉండదు. సాయంత్రం నాలుగు దాటితే తడి ఒంటికి గాలి తగిలి పిల్లలు వణుకుతారు. తర్వాత వారం రోజులు దగ్గు మందు. రామోజీ ఒక్కటి చాలు.

చిన్ని_వాళ్ళమ్మ
నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిల్లలకి కావాల్సింది నీళ్లు. రామోజీలో మా చిన్నికి నచ్చింది ఏంటో తెలుసా? ఎర్ర బస్సు. సెట్టింగులు, తోటలు అన్నీ మాకోసం. విమానాశ్రయం సెట్టు, రైల్వే స్టేషన్ సెట్టు చూసి మనం "అబ్బో" అంటాం, దానికి అది మామూలు స్టేషనే. మాహిష్మతి సెట్టు దగ్గర వాళ్ల నాన్న ఫోటోల కోసం పరిగెడుతుంటే ఇది కింద కూర్చుని గులకరాళ్లు ఏరుకుంది. వండర్‌లాలో పిల్లల కొలనులోంచి బయటికి లాగడానికి మాత్రం ఇద్దరం కావాల్సి వచ్చింది.

గుంటూరు_కారప్పొడి
మీరు వెళ్లింది ఏ నెలలో?

చిన్ని_వాళ్ళమ్మ
ఏప్రిల్.

గుంటూరు_కారప్పొడి
అదే నేను చెప్పేది.

రైలుబండి_రాజు
కొట్టుకోకండి. డిసెంబర్లో కూడా ఎండ ఉన్న టైములో పిల్లలు హాయిగానే ఆడతారు. నీళ్ల వైపు ఎలాగూ మధ్యాహ్నమే తెరుస్తారు. తెరవగానే దిగండి, గంటన్నర ఆడించండి, మూడింటికల్లా తుడిచి పొడి బట్టలు వేసెయ్యండి. అందరూ పొద్దున డ్రై రైడ్లు చేసి చివర్లో నీళ్లలోకి వెళ్తారు, పిల్లలకి చలి పట్టేది అప్పుడే. మీరు నీళ్లు ముగించుకుని, మిగిలిన పిల్లల రైడ్లు తర్వాత తిప్పండి.
బట్టల సంగతి కూడా చెప్తున్నా. కొలనులోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు. నైలాన్, లైక్రా లాంటివే ఉండాలి. లోపల కొట్టులో అమ్ముతారు, కానీ అందరికీ అక్కడే కొంటే పర్సు తేలికవుతుంది. ముందే ఊళ్లో కొనుక్కోండి. బాబుకి డైపర్ ఇంకా మాన్పించకపోతే నీళ్లలో వేసే డైపర్లు వేరే ఉంటాయి, అవి తీసుకోండి. మామూలుది నీళ్లు పీల్చి కిలో బరువెక్కి జారిపోతుంది.

రాజమండ్రి_రమ్య
ఇది బాగుంది, రాసుకున్నాను. మరి అత్తయ్యగారు? ఆవిడ చీరలోనే ఉంటారు, ఇంకేమీ వేసుకోరు.

రైలుబండి_రాజు
నీళ్లలోకి దిగకపోతే చీర ఇబ్బంది కాదు. కానీ రోజంతా బల్ల మీద కూర్చోబెట్టడానికి ఆవిడకి టికెట్ ఎందుకు కొనడం?

పప్పుచారు
ఆవిడ ఉంటే బ్యాగులు కాయడానికి మనిషి దొరికినట్టే కదా. కవలల నాన్నగారికి విముక్తి.

దిల్‌సుఖ్‌నగర్_దేవి
ఇక్కడే బాబాయిగారు పనికొస్తారు! వండర్‌లా రోజు అత్తయ్యగారిని కూకట్‌పల్లి పంపించండి. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే మెట్రో ఎక్కితే కూకట్‌పల్లిలో దిగొచ్చు, రైలు మారక్కర్లేదు. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. మావారో బాబాయిగారో తోడుంటే చాలు. ఆవిడకి విశ్రాంతి, పిన్నిగారికి మర్యాద దక్కినట్టు, మీకు హోటల్ మాట పోయినట్టు.

రాజమండ్రి_రమ్య
దేవిగారూ, మీకు దండం పెట్టాలి. "మావారు" అంటే మీవారు కాదు కదా :)

దిల్‌సుఖ్‌నగర్_దేవి
మావారు అరుగు దాటి రారు. మీవారే.

హయత్‌నగర్_వాస్తవ్యుడు
రామోజీలో పెద్దావిడ గురించి: గేటు దగ్గర మీ బండి వదిలేస్తారు, లోపలికి వాళ్ల బస్సులే. 1666 ఎకరాలు, ప్రపంచంలోనే పెద్ద ఫిల్మ్ స్టూడియో అని గిన్నిస్‌వాళ్లు ఇచ్చారు. నడుస్తాం అంటే కుదిరే చోటు కాదు. బస్సులో తిప్పి చూపిస్తారు, మధ్యమధ్యలో దింపుతారు. ఆ దిగడం ఎక్కడమే మోకాళ్లకి కష్టం, బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది. చక్రాల కుర్చీ గురించి ముందు రోజే ఫోన్ చేసి అడగండి. అన్ని చోట్లా దింపక్కర్లేదు, కొన్నిచోట్ల ఆవిడ సీట్లోనే కూర్చుని కిటికీలోంచి చూస్తారు. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట మాత్రం ఆవిడకీ పిల్లలకీ ఇద్దరికీ నచ్చుతాయి.

ఇద్దరు_కవలల_నాన్న
రామోజీలో చిన్నవాళ్లకి ఫండుస్తాన్ అని ఒక భాగం ఉంది, మీవాడికి అదే లోకం. వైల్డ్ వెస్ట్ స్టంట్ షో దగ్గర మాత్రం జాగ్రత్త. తుపాకులు, పేలుళ్లు, పొగ. మావాళ్లు మూడేళ్లప్పుడు మొదటి చప్పుడుకే నా చొక్కాలో దూరారు. ఒకడైతే ఆ రాత్రి ఫ్రిజ్ మోటార్ మోగినా లేచాడు. పాపని ఒకరు షోకి తీసుకెళ్లండి, బాబుని ఇంకొకరు బయట తిప్పండి. బోరాసుర అని చీకటి భయాల గుహ లాంటిది ఉంది, దాని గుమ్మం వైపు కూడా వెళ్లొద్దు.

గుంటూరు_కారప్పొడి
ఫ్రిజ్ మోటార్ 😀 మావాడికి మిక్సీ.

కాకినాడ_కాజా
ఎవరూ తిండి గురించి మాట్లాడరేంటి? పులిహోర, దద్ధోజనం కట్టుకెళ్లొచ్చా?

రైలుబండి_రాజు
వండర్‌లాలోకి బయటి తిండి రానివ్వరు. పసిపిల్లల ఆహారం వరకు ఫర్వాలేదు. లోపల హోటళ్లున్నాయి, సెలవుల్లో ఒంటిగంటన్నరకి వెళ్తే లైన్లో నిలబడేది మీరు, ఏడ్చేది పిల్లలు. పన్నెండున్నరకే తినేసెయ్యండి. మేము పొద్దున పులిహోర కార్లోనే పార్కింగ్‌లో తినేసి లోపలికి వెళ్లాం. పిల్లాడికి కడుపు నిండితే సగం పేచీలు ఉండవు.

కాకినాడ_కాజా
పార్కింగ్‌లో పులిహోర. తెలుగువాళ్ల పిక్నిక్ అంటే అదీ.

దిల్‌సుఖ్‌నగర్_దేవి
ఒక ముఖ్యమైన విషయం. మేము వెళ్లిన రోజు సాయంత్రం పార్కు మూసే టైముకి యాప్‌లో బండి దొరకలేదు. బుక్ అయినవి రెండు రద్దయ్యాయి, ఇంకొకతను ఫోన్ చేసి డబుల్ ఇస్తారా అన్నాడు. నిద్రపోతున్న పిల్లని భుజం మీద వేసుకుని రోడ్డు పక్కన నిలబడటం కంటే, పొద్దున్నే ఒక బండిని రోజంతా మాట్లాడుకోవడం నయం. వెయిటింగ్, టోల్ అన్నీ కలిపి ముందే ఖాయం చేసుకోండి.

హయత్‌నగర్_వాస్తవ్యుడు
రామోజీకైతే ఎల్బీనగర్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి.

పప్పుచారు
ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా. ఖర్చు మీవారికొక్కరికే.

హయత్‌నగర్_వాస్తవ్యుడు
మహాలక్ష్మి తెలంగాణ ఆడవాళ్లకేనయ్యా. రాజమండ్రి అడ్రసున్న ఆధార్ చూపిస్తే కండక్టర్ నవ్వి టికెట్ కొడతాడు.

గుంటూరు_కారప్పొడి
సరే, వండర్‌లా మీద నేను ఒక మెట్టు దిగుతున్నా. కానీ స్నో వరల్డ్ తీసెయ్యాలి. ముందు రోజు నీళ్లు, తర్వాత రోజు మంచు. జాకెట్, బూట్లు, గ్లౌజులు వాళ్లే ఇస్తారు, నిజమే. కానీ మూడేళ్లవాడు గ్లౌజు రెండు నిమిషాలు ఉంచుకుంటాడా?

చిన్ని_వాళ్ళమ్మ
ఈ ఒక్కదాంట్లో కారప్పొడిగారితో ఏకీభవిస్తున్నా. చరిత్రలో రాసుకోండి.

అట్లాంటా_అరుణ
నేను ఎప్పుడూ చేసేది చెప్తాను. పొద్దున బయల్దేరేటప్పుడు పిల్లల్ని నిలబెట్టి ఫోన్లో ఒక ఫోటో తీస్తాను. ఆ రోజు ఏ బట్టలు, ఏ చెప్పులు వేశారో అందులో ఉంటుంది. తప్పిపోతే సెక్యూరిటీవాళ్లకి మాటల్లో వర్ణించక్కర్లేదు, చూపిస్తే చాలు. చేతి మీద బాల్‌పెన్నుతో ఫోన్ నంబర్ రాయడం కూడా మంచిదే, కానీ నీళ్లలో చెరిగిపోతుంది. పాపకి మీ నంబర్ నోటికి నేర్పించండి. ఆరేళ్లకి వచ్చేస్తుంది.

కాకినాడ_కాజా
మేము అందరం ఒకే పసుపు రంగు టీషర్టులు వేసుకున్నాం. పెళ్లి బ్యాండువాళ్లలా ఉన్నారని మా బావ ఇప్పటికీ ఏడిపిస్తాడు, కానీ గుంపులో ఎవరూ తప్పిపోలేదు.

ఇద్దరు_కవలల_నాన్న
ఇంకో మాట. మధ్యాహ్నం నిద్ర. మీవాడు ఇంకా పగలు పడుకుంటాడా? పడుకుంటే మడిచే తోపుడు బండి (స్ట్రోలర్) ఏది ఉంటే అది పట్టుకెళ్లండి. ఒంటిగంట నుంచి మూడు దాకా నీడలో వాణ్ని పడుకోబెట్టండి, పాపని ఒకరు తిప్పండి. నిద్ర ఎగ్గొట్టించి షోలు చూపిస్తే నాలుగింటికి నేల మీద పడి దొర్లుతాడు, అప్పుడు రామోజీ అయినా డిస్నీ అయినా ఒకటే. రోజుకి ఒకే పార్కు అని అందరూ చెప్పేది ఇందుకే.

రాజమండ్రి_రమ్య
ఈ థ్రెడ్ మొత్తం మావారికి చదివి వినిపించాను. స్నో వరల్డ్ వదులుకోవడానికి ఒప్పుకున్నారు. జూ మాత్రం ఉండాల్సిందేనంట, చిన్నప్పుడు స్కూల్ నుంచి తీసుకెళ్లారని. శనివారం రామోజీ, ఆదివారం వండర్‌లా, సోమవారం జూ. సరేనా?

రైలుబండి_రాజు
సోమవారం జూకి సెలవు.

పప్పుచారు
పులికి కూడా వారానికొక సెలవు ఉంది. మీవారికే లేదు.

దిల్‌సుఖ్‌నగర్_దేవి
ఇలా చేయండి. శనివారం దిగి ఎల్బీనగర్‌లో పడుకోండి. రాత్రంతా రైల్లో నిద్రలేని పిల్లల్ని సరాసరి పార్కుకి లాక్కెళ్లొద్దు. మధ్యాహ్నం భోంచేసి జూకి వెళ్లండి. బ్యాటరీ బండ్లున్నాయి కాబట్టి అత్తయ్యగారికీ ఇబ్బంది ఉండదు. ఆదివారం రామోజీ అందరూ కలిసి. సోమవారం వండర్‌లా మీరు నలుగురు, అత్తయ్యగారు కూకట్‌పల్లి. వండర్‌లా టికెట్ పనిరోజుల్లో తక్కువ కూడా.

గుంటూరు_కారప్పొడి
క్రిస్మస్ వారంలో ఏది పనిరోజండీ? సోమవారం కూడా జాతరే. ధర సైట్లో ఆ తేదీ కొట్టి చూసుకోండి, ఎలాగూ ఆన్‌లైన్‌లోనే కొనాలి. గేటు దగ్గర లైన్ తప్పుతుంది.

దిల్‌సుఖ్‌నగర్_దేవి
ఆదివారం కంటే సోమవారం నయమే కదా. అంతే నేనన్నది.

రాజమండ్రి_రమ్య
ఇది కుదిరేలా ఉంది. ఒక్కటే చిక్కు. రామోజీ పక్కనే గుట్ట మీద వెంకటేశ్వరస్వామి గుడి ఉందని అత్తయ్యగారికి ఎవరో చెప్పారు. అది కూడా చూడాలంటున్నారు.

హయత్‌నగర్_వాస్తవ్యుడు
సంఘీ గుడి. దగ్గరే, గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. కానీ మెట్లున్నాయి. మీరే చెప్పారుగా, మెట్లంటే భయమని.

రాజమండ్రి_రమ్య
దేవుడి మెట్లకి మోకాళ్లు నొప్పి పుట్టవంటున్నారు. మావారు ఆదివారం సాయంత్రం ఆ దారిలో కారు ఆపుతామని మాటిచ్చేశారు.

పప్పుచారు
ప్లాన్లు ఎవరి పోలికో ఇప్పుడర్థమైంది.

రైలుబండి_రాజు
రైలు టికెట్లు చేశారా? ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, క్రిస్మస్‌కి తెరిచిన పూటే అయిపోతాయి. బాబుకి అయిదేళ్ల లోపు కాబట్టి బెర్తు వద్దంటే టికెట్ అక్కర్లేదు. పాపకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. అత్తయ్యగారికి కింది బెర్తు కావాలంటే ఆవిడ టికెట్ విడిగా సీనియర్ సిటిజన్ కోటాలో చేయండి. అందరితో కలిపి చేస్తే ఆ కోటా రాదు.

రాజమండ్రి_రమ్య
విడిగా చేస్తే ఆవిడకి వేరే పెట్టె వస్తే?

రైలుబండి_రాజు
రావచ్చు. అప్పుడు మీవారి బెర్తు ఆవిడ పక్కవాళ్లతో మార్పించి ఆయన్ని ఆ పెట్టెలోకి పంపండి. మీ పెట్టెలో ఎవరికైనా కింది బెర్తు ఉంటే అడగండి, ఒళ్లో పసివాడు ఉంటే చాలామంది కాదనరు. ముందు టికెట్లు చేయండి, రేపు పొద్దున ఎనిమిదికి లాగిన్ అయి కూర్చోండి.

రాజమండ్రి_రమ్య
అలారం పెట్టాను. ఆయన ఫోన్లో కూడా.